తండ్రి నంబరు

దమాలి మిరెంబేకి గోత్రం లేదు. ఉగాండా దేశపు బుగాండా ప్రాంతంలో ఆ మాట తిట్టు కిందే లెక్క. కొత్త మనిషి ఎదురైతే ముందు పేరడుగుతారు, తర్వాత గోత్రం అడుగుతారు, ఆపైన తండ్రి, తాత, ముత్తాత పేర్లు వరసగా చెప్పించుకుంటారు. బడిలో పిల్లలందరూ లేచి నిలబడి గడగడా అప్పజెప్పేవాళ్లు. దమాలి వంతు వచ్చేసరికి టీచరమ్మ ఏదో పని ఉన్నట్టు కిటికీలోంచి బయటికి చూసేది.

వాళ్లమ్మ లోసిరా కంపాలాలో ఇళ్లలో పనిచేస్తూ ఒకతన్ని నమ్మింది. బిడ్డ కడుపులో పడ్డాక అతను మళ్లీ కనబడలేదు. అక్కడ పేర్లు కూడా గోత్రానివే, బిడ్డది తండ్రి గోత్రమే కాబట్టి తల్లి వైపు పేరు పెట్టడానికి వీల్లేదు. మిరెంబే అంటే శాంతి. ఏ గోత్రానికీ చెందని ఆ పేరు వెతికి పెట్టినవాడు మేనమామ ఎరిసా. లోసిరా జబ్బు చేసి పోయాక పిల్లని ఎంపిగిలోని తన ఇంటికి తెచ్చుకున్నవాడూ ఆయనే. కాఫీ గింజల పొట్టు తీసే మిల్లులో పని ఆయనది. జుట్టులో, కనుబొమల మీద ఎప్పుడూ ఆ ధూళి ఉండేది. సొంత కొడుకు యోనాకి కొన్న చెప్పులే దమాలికీ కొనేవాడు. భార్య యూనియా గొణిగితే, "దానికి పాదాలు లేవా ఏంటి?" అనేవాడు.

దమాలి కంప్యూటర్లు చదువుకుని కంపాలాలో మందుల కంపెనీ ఒకదానిలో చేరింది. ఏ మందు ఏ రకం కిందికి వస్తుంది, ఆ రకం ఏ పెద్ద రకం కిందికి వస్తుంది, ఇలాంటివన్నీ డేటాబేసులో పట్టికలుగా పేర్చడం ఆమె పని. ఆ సంగతి చెవినపడి గోత్రపు పెద్ద ఆమెను పిలిపించాడు. ఆయన్ని అందరూ ముటాకా అనే పిలుస్తారు. లోసిరాదీ ఎరిసాదీ ఆ గోత్రమే.

మోకాళ్ల మీద కూర్చుని దండం పెట్టిన దమాలితో ముటాకా అన్నాడు. "వంశమంతా ముసలాళ్ల నోళ్లలోనే ఉందమ్మా. వాళ్లేమో ఒక్కొక్కళ్లూ వెళ్లిపోతున్నారు. కంప్యూటర్లోకి ఎక్కిస్తావా? నువ్వు మా ఆడపడుచు బిడ్డవి, పరాయిదానివి కాదు."

పరాయిదానివి కాదన్న ఆ మాటకే ఆమె ఒప్పుకుంది.

ఆదివారాల్లో ఎంపిగి వచ్చి వరండాలో ల్యాప్‌టాప్ ముందేసుకుని కూర్చునేది. ఎరిసా పక్కనే పీట వేసుకుని తనకు తెలిసిన పేర్లన్నీ చెప్పేవాడు. అన్నీ ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి. లేకపోతే వదలడు.

"మనిషికో వరస మావయ్యా. వరసకో నంబరు. పక్క గడిలో తండ్రి నంబరు. అంతే."

"అంతేనా? మరి చెట్టు ఏదీ?"

"చెట్టు పట్టికలో ఉండదు. మనం అడిగినప్పుడు పుడుతుంది. మూలపురుషుడితో మొదలుపెట్టి, ఈయన నంబరు తండ్రి గడిలో ఉన్నవాళ్లెవరని అడుగుతుంది. వాళ్లు దొరికాక వాళ్ల పిల్లలెవరని అడుగుతుంది. ఇంక ఎవరూ దొరకనిదాకా అలా దిగుతూనే ఉంటుంది."

ఇంకో పద్ధతి కూడా ఉందని, అందులో ప్రతి మనిషికీ ఎడమ నంబరొకటి, కుడి నంబరొకటి ఇస్తారని, అలా చేస్తే ఒకరి సంతానాన్నంతా ఒక్క చూపులో పట్టుకోవచ్చని చెప్పింది. కాకపోతే నడుమ ఒక బిడ్డ పుడితే పక్కవాళ్ల నంబర్లన్నీ జరపాలి.

ఎరిసా పడీపడీ నవ్వాడు. "మన యోనాకి పిల్లాడు పుడితే మసాకాలో ఉన్న ముసలాయన నంబరు మార్చుకోవాలా? ఆయన చొక్కా మార్చుకోవడానికే వారం పడుతుందే! వద్దు తల్లీ, తండ్రి నంబరే నయం."

ఆ పద్ధతే ఖాయం చేసింది. మూలపురుషుడికి తప్ప ఇంకెవరికీ తండ్రి గడి ఖాళీగా ఉండకూడదు. పట్టికలో లేని నంబరు ఆ గడిలో వేయబోతే డేటాబేసు ఒప్పుకోదు. కొన్నాళ్లకు తగాదాలు మొదలయ్యాయి. ఒకాయన భూమి కోసం, చనిపోయిన తన అన్నకు లేని కొడుకుని తగిలించబోయాడు. అప్పుడు దమాలే ముటాకా దగ్గరికి వెళ్లి ఒక కట్టుబాటు పెట్టించింది. పుట్టినప్పుడు రాయించకుండా వదిలేసిన బిడ్డను కొత్తగా ఎక్కించాలంటే తండ్రే పెద్దల ముందు నిలబడి తన నోటితో నా బిడ్డ అని చెప్పాలి. వేరెవరి సాక్ష్యమూ చెల్లదు. ముటాకా ఆమెను మెచ్చుకున్నాడు.

ఒక ఆదివారం ఎరిసా తన ఇంటి పేజీ చూపించమన్నాడు. తన పేరు, కింద యోనా, ఆడపిల్లలు ఇద్దరు. పక్క కొమ్మన చెల్లెలు లోసిరా. ఆమె కింద ఎవరూ లేరు. ఆడపడుచుల పిల్లలు వాళ్ల నాన్నల గోత్రాల్లో ఉంటారు కాబట్టి ఈ పట్టికలో ఎవరి కిందా ఉండరు.

"నువ్వెక్కడ?" అన్నాడు.

"నేనెందుకుంటాను మావయ్యా?"

"నా కింద వెయ్యి. తండ్రి గడిలో నా నంబరు పెట్టు. రేపే ముటాకా ముందుకొచ్చి చెప్తాను. ఎందరు తాతలు అలా కూతుళ్ల పిల్లల్ని కలుపుకోలేదు?"

దమాలి కీబోర్డు మీంచి చేతులు తీసేసింది. తల అడ్డంగా ఊపింది.

"అది నిజం కాదు కదా మావయ్యా. ఊళ్లోవాళ్లను అబద్ధాలు రాయొద్దని తిప్పి పంపిస్తూ, నాకోసం నేనే ఒకటి రాసుకోనా? పైగా నీ కూతుర్నయితే అమ్మ నాకు మేనత్తవుతుంది. అమ్మ అమ్మగా ఉండదు."

"చెప్పులు కొన్నది అబద్ధమా? మలేరియా వచ్చినప్పుడు భుజాన వేసుకుని ఆస్పత్రికి పరిగెత్తింది అబద్ధమా?"

"అవి కాదు మావయ్యా, గడి ఒకటే ఉంది..."

"గడి నువ్వు గీసిందే కదే!"

ఆయన పీట తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత దమాలి వచ్చినప్పుడల్లా మామూలుగానే పలకరించాడు, అరటికాయ ముద్ద తినేదాకా ఎదురుగా కూర్చున్నాడు. వరండాలోకి మాత్రం రాలేదు. పేర్లు కావాలంటే యోనాని అడగమనేవాడు. దమాలికి మనసు పీకుతూనే ఉండేది. పని పూర్తయ్యాక తీరిగ్గా కూర్చుని మాట్లాడదాం, ఆయన కోపం ఎన్నాళ్లుంటుంది అనుకుంది.

వానలు మొదలైన రోజుల్లో ఎరిసా మిల్లులో బస్తా ఎత్తుతూ కూలిపోయాడు. ఆస్పత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. యోనా ఫోన్ చేసినప్పుడు దమాలి ఆఫీసులో ఉంది. "అక్కా" అన్నాడు, ఆ తర్వాత ఏడుపే వినబడింది.

ఖననమయ్యాక ఆమె ముటాకా కాళ్ల దగ్గర కూర్చుని, మావయ్య కోరినట్టే ఆయన కింద తన పేరు వేయనివ్వమని అడిగింది. యూనియా కూడా వచ్చి పక్కన మోకరిల్లింది. "నాతో ఎన్నోసార్లు అన్నాడయ్యా, దమాలి నా పెద్ద కూతురని. నేను సాక్ష్యం చెప్తాను" అంది.

ముటాకా కర్ర పిడి నిమిరాడు. "నాకు తెలీదంటావా అమ్మా? ఊరందరికీ తెలుసు. కానీ ఆయనే వచ్చి చెప్పాలని పెట్టుకున్నాం. ఆ కట్టుబాటు పెట్టించింది ఈ పిల్లే. దాని మాట మీదే నలుగురిని వెనక్కి పంపాను. ఇప్పుడు దీనికోసం తీసేస్తే వాళ్ల మొహం ఎలా చూడను?"

"వద్దు లెండి. తీసేయొద్దు" అంది దమాలి.

దినం నాడు యోనాకి వారసత్వం ఇచ్చారు. చెట్టు బెరడుతో చేసిన బట్ట భుజాన కప్పి, తండ్రి ఈటె చేతికిచ్చారు. వారసుడంటే ఇక ఆ తండ్రే. ఇంటి బిడ్డలు ఒక్కొక్కరే వెళ్లి మోకరిల్లి, నిన్నటిదాకా తమ్ముడనో అన్న అనో పిలిచినవాణ్ని "నాన్నా" అని పిలుస్తున్నారు. దమాలి కూడా లేచింది. వరసలో వెనక నిలబడింది కూడా. ఎవరో పెద్దామె, కఠినంగా ఏమీ కాదు, మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయింది.

"నువ్విటు రామ్మా. ఆడపడుచు బిడ్డ చేయాల్సిన పని వేరే ఉంది. వాకిట్లో నిప్పు ఆర్పాలి."

చావు జరిగిన రోజు నుంచీ ఆ ఇంటి వాకిట్లో మండుతున్న నిప్పు అది. ఆర్పే హక్కు చెల్లెలి సంతానానిదే. వేరెవరూ ముట్టకూడదు. దమాలి కుండతో నీళ్లు పోసింది. పొగ కళ్లలోకి పోయిందని జనం అనుకున్నారు. బూడిద ఎత్తి అరటితోట చివర పారబోసి, చేతులు కడుక్కుని, ఆడపడుచుల పిల్లల చాప మీద కూర్చుంది. వాళ్లు పరాచికాలాడుకుంటూ, పని చేసినందుకు వారసుణ్ని కోడి ఇమ్మని ఆటపట్టిస్తున్నారు. యోనా ఆమె వైపు చూశాడు. ఆమె నవ్వడానికి ప్రయత్నించింది.

తర్వాత చాలా నెలలు ఆ పని ముట్టుకోలేదు. మళ్లీ తెరిచినప్పుడు ఇంకో పట్టిక కట్టింది. అందులో రెండే గడులు: పెంచినవాళ్లు, పెరిగినవాళ్లు. ఒక మనిషిని ఇద్దరు పెంచినా, పదిమంది పెంచినా పడుతుంది. పెరిగినవాళ్లకు గోత్రం ఉండాలన్న నియమం లేదు. మొదటి వరసలో ఎరిసా నంబరు, తన పేరు వేసింది. గోత్రపు పెద్దలు ఆ పట్టిక చూసి తల ఊపారు, బావుందన్నారు. అచ్చు వేయించిన పుస్తకంలోకి మాత్రం తీసుకోలేదు.

పుస్తకం వచ్చిన వారంలో యూనియా కంపాలా వచ్చింది. చదువు రాదు. అయినా ఎరిసా పేజీ తీయించుకుని వేలు పెట్టి అడిగింది.

"ఇందులో నువ్వేది?"

"ఇందులో లేనత్తయ్యా. నాది వేరే పట్టిక."

"రెండూ కలిపి చూపించదా నీ కంప్యూటరు?"

దమాలి రెండు పట్టికల్నీ కలిపి అడిగింది. తెర మీద ఎరిసా, కింద యోనా, ఆడపిల్లలు, వాళ్ల పక్కన దమాలి మిరెంబే. యూనియా ఆ అక్షరాలను తడుముతూ చాలాసేపు చూసింది.

"ఇంత తేలికైందని ఆయనకి తెలిస్తే," అంది చివరికి, "అలిగి లోపల కూర్చునేవాడు కాదే. వరండాలోకి వచ్చేవాడు."

దమాలి తెర మూసి, అత్తకు టీ పెట్టడానికి లేచింది.