మెట్లాయన మళ్ళీ పైదారి పట్టిన రోజు

ఆయనను అందరూ మెట్లాయన అనేవారు. ఏడాది పొడవునా వాన కురిసే అడవిలో, కొండ మీంచి సముద్రపు ఒడ్డుకు దిగే కాలిబాట ఒకటుంది. దాన్ని బాగుచేస్తూ ఉండటమే ఆయన ఉద్యోగం. మట్టి కోసుకుపోయిన చోటల్లా దుంగలు అడ్డంగా పాతి, వెనక కంకర దట్టించి మెట్లు కట్టేవాడు. కింది మెట్లు పూర్తయ్యేసరికి పైమెట్ల దుంగలు పుచ్చిపోయేవి. ఈ పని అయిపోయేదీ లేదు, నా ఉద్యోగం ఊడేదీ లేదు అని నవ్వేవాడు.

బాట మొదట్లో ఉన్న రేకుల గదిలో ఆయన భార్య కూర్చునేది. నడవడానికి వచ్చినవాళ్ళకు రెయిన్‌కోట్లు, చేతికర్రలు అద్దెకివ్వడం, తిరిగొచ్చినవాళ్ళ కాళ్ళకు పట్టిన జలగల మీద ఉప్పు చల్లడం ఆమె పని. జలగను చూసి గెంతులేసే మగవాళ్ళంటే ఆమెకు భలే సరదా.

ఒడ్డు దగ్గర బాట రెండుగా చీలుతుంది. కింది దారి కొండగోడ అడుగున ఇసుకలో పోతుంది. సముద్రం పోటు మీదున్నప్పుడు అది నీళ్ళ కింద ఉంటుంది. పైదారి ఆ గోడ నెత్తిమీదుగా, చెట్ల మధ్యనుంచి పోతుంది. రెండేళ్ళ కిందట ఆ పైదారిలో మెట్లు కడుతుండగా చరియ విరిగి, మెట్లాయన ఛాతీ దాకా మట్టిలో కూరుకుపోయాడు. తోటి పనివాళ్ళు చేతులతో తవ్వి బయటికి లాగారు. ఒక్క ఎముకా విరగలేదు. కొద్ది రోజులకే పనిలోకి వస్తే, గట్టిపిండమే అని అందరూ భుజం తట్టారు.

కానీ ఆ తర్వాత ఆయన పైదారిలో కాలు పెట్టలేదు. చీలిక దగ్గరికి రాగానే ఏదో వంక పెట్టుకుని వెనక్కి తిరిగేవాడు. ఆఫీసువాళ్ళు అడిగితే అక్కడ నేల ఇంకా గట్టిపడలేదనేవాడు. భార్య అడిగితే రేపు చూద్దామనేవాడు. ఆ రేపు ఎంతకీ రాకపోయేసరికి మొగుడికి బద్ధకం పట్టుకుందని ఆమె తేల్చేసింది. వచ్చేపోయేవాళ్ళ ముందు కూడా దెప్పిపొడిచేది. ఆయన తన పాటికి పారకు పదును పెట్టుకునేవాడు. పిరికివాడనిపించుకోవడం కంటే బద్ధకస్తుడనిపించుకోవడమే నయమనుకున్నాడు.

ఒకనాడు ఒక ముసలి దర్జీ, ఆయన భార్య వచ్చి చెరో రెయిన్‌కోటు తీసుకుని బాట పట్టారు. పోటు వచ్చేలోపు ఒడ్డు వదిలి పైకి వచ్చేయమని మెట్లాయన భార్య గట్టిగానే చెప్పింది. మధ్యాహ్నం దాటాక ఒక్కొక్కరే తిరిగొచ్చారు. గదిలో రెయిన్‌కోట్లు తగిలించే కొక్కేలలో రెండు మాత్రం ఖాళీగా ఉండిపోయాయి. ఆమె పడవవాళ్ళకు ఫోన్ చేసింది. అలలు పెద్దగా ఉన్నాయి, కొండగోడ దగ్గరికి రాలేమని వాళ్ళు చెప్పారు.

ఇక మిగిలింది పైదారి. ఆమె తాడు తీసి మొగుడి చేతిలో పెట్టింది. ఆయన దాన్ని పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏమయ్యా, ఇప్పుడు కూడా బద్ధకమేనా?"

"బద్ధకం కాదే," అన్నాడు మెట్లాయన. "భయం. ఆ రోజు నుంచీ."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. ఇన్నాళ్ళూ తాను నలుగురిలో అన్న మాటలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి కాబోలు. వెంటనే గదికి తాళం వేసింది.

"పద. నేనూ వస్తున్నా."

దారంతా ఆమె వెనకనుంచి మాట్లాడుతూనే ఉంది. వంటింటి కప్పు కారుతోందని, కూతురు ఫోన్ చేస్తే ఎత్తవెందుకని, పాత చెప్పులు పారేయమంటే మంచం కింద దాచావని. మెట్లాయన గునపంతో నేల పొడిచి చూసుకుంటూ, ఊఁ కొడుతూ, ఒక్కో అడుగూ వేశాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకు అంటుకుపోయింది. చరియ విరిగిన చోటు ఇంకా ఎంత దూరముందని కాసేపటికి ఆయనే అడిగాడు. ఇందాకే దాటేశామని ఆమె చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి చూశాడు. విరిగిన చరియ ఎర్రమట్టి ఎక్కడా కనబడలేదు. పచ్చటి ఆకుమొక్కలు నడుమెత్తు పెరిగి దాన్ని పూర్తిగా కప్పేశాయి.

అప్పుడే కింద ఎవరో పోట్లాడుకుంటున్నట్టు వినిపించింది. అంచున పడుకుని తొంగి చూస్తే, అలలకు అందనంత ఎత్తులో, వెడల్పాటి రాతి మీద దర్జీ, ఆయన భార్య ఎడమొహం పెడమొహంగా కూర్చుని ఉన్నారు. ఆలస్యమైన తప్పెవరిదో ఇంకా తేలలేదు.

"ఇక్కడో ఫోటో, అక్కడో ఫోటో అని నిలబెట్టింది మీరు కాదూ?" అంటోంది దర్జీ భార్య.

మెట్లాయనకు నవ్వు ఆగలేదు. ఎంతగా నవ్వాడంటే కళ్ళ నీళ్ళు తిరిగాయి. పైనుంచి నవ్వు విని ఆ ఇద్దరూ చప్పున తగువు ఆపేసి తలలెత్తారు.

తాడును చెట్టు మొదలుకు చుట్టి కిందికి వదిలారు. దాన్ని నడుముకు కట్టుకుని, చెట్ల వేళ్ళు పట్టుకుని, రాళ్ళ మీద కాళ్ళు తన్నిపెట్టి ముందు దర్జీ భార్య, తర్వాత దర్జీ పైకి వచ్చారు. దర్జీ చేతులు జోడించబోతుంటే ఆయన భార్య మాత్రం రెయిన్‌కోటు మోచేతి దగ్గర చిరిగిందని నొచ్చుకుంది. కుట్టేవాడు పక్కనే ఉంటే మీకెందుకమ్మా బెంగ అంది మెట్లాయన భార్య. వెలుగుండగానే నలుగురూ గదికి చేరారు. దర్జీ అక్కడే సూదీ దారం అడిగి తీసుకుని కోటు కుట్టి మరీ వెళ్ళాడు.

మర్నాడు మెట్లాయన ఆఫీసుకు వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్కడెవరూ నవ్వలేదు. ఒంటరిగా వద్దని ఇద్దరు మనుషుల్ని తోడిచ్చారు. పైదారి మెట్లు మెల్లగా లేచాయి. ఆ రోజుల్లో ఇంటికి రాగానే ఆయన అన్నం కూడా తినకుండా ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాడని భార్య చెబుతుంది. అంతకు ముందు రెండేళ్ళూ ఆయన సరిగా నిద్రపోలేదని కూడా ఆమెకు అప్పుడే అర్థమైందట.

జోరువాన పడితే, చరియ విరిగిన ఆ చోట ఇప్పటికీ ఆయన కాళ్ళు ఆగుతాయి. అలాంటప్పుడు తోడు రమ్మని భార్యకు చెబుతాడు. ఆమె తాళంకప్ప తీసుకుని లేస్తుంది.