వల నడుమ మా బాబాయి

నా చిన్నప్పుడు మా బాబాయి బంతాట ఆడి జీతం తెచ్చుకుంటాడని చెబితే మా వీధిలో ఒక్కరూ నమ్మేవారు కాదు. క్రికెట్ అయితే సరే, రోజూ టీవీలో చూస్తున్నాం, ఫుట్‌బాల్‌కి జీతమేంటమ్మా అని పక్కింటి మామ్మగారు నవ్వేవారు. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఆవిడ మీద కోపంతో ఒకసారి అమ్మ వాళ్ళింటికి పంపిన పులిహోర గిన్నె గుమ్మంలోనే పెట్టేసి, పిలవకుండా వచ్చేశాను. నా నోరు అప్పటికే అంత, ఇప్పుడింకా పెరిగిందని మా వారంటారు.

మేమప్పుడు విజయవాడలో ఆటోనగర్ పక్కన ఉండేవాళ్ళం. మా నాన్న లారీలకు బాడీలు కట్టే షెడ్డులో పనిచేసేవాడు. బాబాయి నాన్నకు తమ్ముడు. ఇద్దరూ బందరు అవతల, సముద్రం ఒడ్డున పల్లెలో పుట్టి పెరిగారు. మాది వల మీద బతికిన ఇల్లు. నాన్న ఇనుము పనికి వచ్చేస్తే, బాబాయి స్కూలు జట్టులో ఆడి, జిల్లాకి ఆడి, చివరకు కలకత్తాలో ఒక క్లబ్బు దాకా వెళ్ళాడు. తొంభైల మధ్య మాట ఇది.

బాబాయి ఆడేది మిడ్‌ఫీల్డులో. గోల్ కొట్టేవాళ్ళు ముందుంటారు, అడ్డుకునేవాళ్ళు వెనకుంటారు. ఈ రెండు గుంపుల నడుమ తిరుగుతూ, వెనకవాళ్ళ దగ్గర బంతి తీసుకుని, ముందువాళ్ళకు ఎవరికి అందితే పనవుతుందో వాళ్ళకు అందించడం బాబాయి పని. సెలవులకు వచ్చినప్పుడు నన్ను బెంజ్ సర్కిల్ దాకా నడిపించుకెళ్ళి ఒక ఆట ఆడించేవాడు. నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి, "తల తిప్పకుండా చెప్పు, మన వెనక ఏం వస్తోంది?" అనేవాడు. నేను తల తిప్పేసేదాన్ని. ఆయన మాత్రం వెనక వచ్చే రిక్షా, దాన్ని దాటబోతున్న స్కూటరు, ఆ స్కూటరు మీద కూర్చున్నావిడ చేతిలోని సంచీతో సహా చెప్పేసేవాడు. బంతి కాళ్ళ దగ్గరికి వచ్చాక చూస్తే ఆలస్యమైపోతుందే, రాకముందే చూసేసుకోవాలి అనేవాడు. అన్నం తింటున్నా ఆ మెడ అటూ ఇటూ తిరుగుతూనే ఉండేది. మా అమ్మ, "మరిదిగారూ, కూరలో ఎవరూ బంతి వెయ్యర్లెండి, నింపాదిగా తినండి" అని ఆటపట్టించేది.

ఇంతటి మనిషికీ ఒక బెంగ ఉండేది. అది మా తాతయ్య.

తాతయ్య ఒక్కసారి, ఒకే ఒక్కసారి, కొడుకు ఆట చూడ్డానికి విజయవాడ వచ్చాడు. తెల్లని పంచె కట్టుకుని, భుజం మీద కొత్త తువ్వాలు వేసుకుని గ్రౌండులో మా పక్కన కూర్చున్నాడు. ఆ రోజు బాబాయి జట్టే గెలిచింది. గోల్ కొట్టింది వేరే అబ్బాయి. అందరూ ఆ అబ్బాయిని భుజాల మీదికెత్తుకుని మెడలో దండ వేశారు. బాబాయి పక్కన నిలబడి చప్పట్లు కొట్టాడు. తాతయ్య బస్సెక్కేముందు నాన్నతో, "వాడు గంటన్నర పరిగెత్తాడు, ఒక్కటీ కొట్టలేకపోయాడు. ఇంటికొచ్చెయ్యమను, పడవ ఎవరు చూసుకుంటారు" అన్నాడు. ఆ తర్వాత ఆట పేరు ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పటి వేసవిలో కలకత్తా క్లబ్బు వాళ్ళు బాబాయితో మూడేళ్ళకు ఒప్పందం రాసుకుంటామన్నారు. అంతకుముందులా ఏడాదికోసారి ఉంటావా పోతావా అనే బతుకు కాదు. ఎగిరి గంతెయ్యాల్సిన మనిషి మొహం వేలాడేసుకున్నాడు. మూడేళ్ళు వెళితే పడవ ఇక తన చేతికి రానట్టే, ఆ సంగతి తాతయ్యకూ తెలుసు. "నాన్న వెళ్ళిరా అంటే వెళతాను, లేకపోతే లేదు" అని బాబాయి మా నాన్నతో తెగేసి చెప్పాడు. ఆ మాట అడగడానికే పల్లెకు బయలుదేరుతూ, సెలవులు కదా అని నన్నూ వెంటబెట్టుకెళ్ళాడు. బస్సులో ఉన్నంతసేపూ మెడ తిప్పలేదు. కిటికీలోంచి అలా చూస్తూ కూర్చున్నాడు. నాకు భయమేసింది.

వెళ్ళిన రోజు అడగలేకపోయాడు. తాతయ్య కాలికి చేప ముల్లు గుచ్చుకుని పాదం బాగా వాచి ఉంది. మంచం మీద కూర్చుని, వచ్చారా అన్నాడు, తిన్నారా అన్నాడు, అంతే. మర్నాడు పొద్దున్నే ఊరంతా ఒడ్డుకు చేరింది. అలివి వల లాగే రోజది.

అలివి వలంటే ఒక మనిషో ఇద్దరో వేసేది కాదు, ఊరు ఊరంతా లాగాలి. పడవలో వెళ్ళి సముద్రంలో వలను అరచందమామలా వదిలి వస్తారు. రెండు కొసల తాళ్ళూ ఒడ్డుకు వస్తాయి. ఒక్కో తాడు దగ్గర ఒక్కో గుంపు, ఆడా మగా కలిసి, పాట పాడుకుంటూ వెనక్కి నడుస్తూ లాగుతారు. నడుమ సంచిలా ఉన్న చోటికి చేపలు చేరతాయి. రెండు పక్కలా సమానంగా వస్తేనే ఆ సంచి తిన్నగా వస్తుంది. ఒక పక్క తొందరపడితే వల పక్కకు ఒరిగి, చేపలన్నీ రెండో పక్కనుంచి జారుకుంటాయి. అందుకే మా వాళ్ళు గుండెల లోతు నీళ్ళలో నడుమ ఒక మనిషిని నిలబెట్టేవారు. ఆ మనిషి రెండు తాళ్ళనూ చూస్తూ, ఎవరు ఆగాలో ఎవరు లాగాలో కేకేసి చెప్పాలి, అవసరమైతే వెనకబడ్డ పక్కకు పోయి ఓ చెయ్యి వెయ్యాలి. మా ఊళ్ళో ఆ చోటు ఎన్నో ఏళ్ళుగా మా తాతయ్యది.

ఆ రోజు ఆయన దిగలేడు. అయినా మంచం మీద ఉండలేక, కర్ర పట్టుకుని వచ్చి ఇసకలో కూర్చున్నాడు. నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నడుమకు నువ్వు దిగంటే నువ్వు దిగు అని పెద్దవాళ్ళు వాదించుకుంటున్నారు. అంతలోనే ఒడ్డున చొక్కా ఒకటి కనిపించింది. అది ఎవరిదా అని చూస్తే, బాబాయి అప్పటికే నీళ్ళలో ఉన్నాడు.

"వీడికేం గుర్తుంటది, వల ముట్టి ఎన్నేళ్ళయిందో" అని తాతయ్య గొణిగాడు. నాకు ఉక్రోషం వచ్చింది కానీ ఆ కాలి వాపు చూసి నోరు మూసుకున్నాను.

మొదట్లో అంతా బాగానే సాగింది. సంచి దగ్గరపడే కొద్దీ నీటి మీద చేపలు తళుక్కుమని ఎగరడం మొదలుపెట్టాయి. అది చూసి ఎడమ తాడు మీది కుర్రాళ్ళు ఆగలేకపోయారు. ఒక్క ఊపున లాగేశారు. వల అటు ఒరిగిపోయింది. కుడి తాడు వదులై అలల మీద తేలుతోంది. తాతయ్య కర్ర ఊతంగా సగం లేచాడు. లేచి, కేకెయ్యబోయి, ఆగిపోయాడు.

ఎందుకంటే బాబాయి అది జరక్కముందే కుడి పక్కకు ఈదడం మొదలుపెట్టాడు. కుర్రాళ్ళ వైపు ఒకసారి, సంచి వైపు ఒకసారి, ఒడ్డు వైపు ఒకసారి మెడ తిప్పుతూనే ఉన్నాడు, బెంజ్ సర్కిల్లో నాతో నడిచినట్టే. వదులైన తాడు భుజానికి చుట్టుకుని, "పిన్నీ, అందుకో! మావా, నువ్వు పిన్ని ఎనకాల!" అని అరిచాడు. ఎడమ పక్కకు చెయ్యి ఎత్తి, "ఆగండ్రా అబ్బాయిలూ, చేపలు ఎక్కడికీ పోవు, మీరే తెగ పోతన్నారు!" అన్నాడు. అంత హడావుడిలోనూ జనం గొల్లున నవ్వారు. ఆ నవ్వుతో కుర్రాళ్ళ చేతులు నెమ్మదించాయి. వల మళ్ళీ తిన్నగా అయింది.

సంచి ఒడ్డుకు చేరింది. చిన్న కవళ్ళ చేపలు, రొయ్యలు, మధ్యలో రెండు పెద్ద వంజరాలు. ఊరంతా ఒక్కసారిగా దాని మీద మూగింది. తాడు ముందున నిలబడి లాగిన ఒకాయన్ని పట్టుకుని భలే లాగావంటూ వీపు చరుస్తున్నారు. బాబాయి వైపు ఎవరూ చూడలేదు. ఆయన ఇంకా మోకాటి లోతు నీళ్ళలోనే ఉండి, చిక్కుపడ్డ తాడు విడదీస్తున్నాడు. నేనూ చేపల దగ్గరికి పరిగెత్తబోయాను. తాతయ్య నా చెయ్యి వదల్లేదు. ఆయన చేపల వంక చూడనేలేదు.

బాబాయి తాడు చుట్టుకుని మా దగ్గరికి వచ్చాడు. తాతయ్య ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఒరేయ్, కలకత్తాలో నువ్వు చేసే పని ఇదేనా?"

బాబాయి చేతిలోని తాడు కింద పెట్టాడు. "ఇదే నాన్నా. అచ్చంగా ఇదే."

"మరి ఆ రోజు దండ ఎవడికో వేశారని ఇంటిదాకా బస్సులో ఏడుస్తా ఎందుకొచ్చానురా నేను? చెప్పి చావొచ్చుగా!"

అప్పటిదాకా ఆయనది కోపమనే అనుకున్నాం. తన కొడుకు అంతమందిలో చిన్నబోయాడని ఆ ముసలి ప్రాణం అన్నాళ్ళూ కుమిలిందని మాకెవరికీ తెలియదు. నడుమ నిలబడే మనిషికి దండలు పడవని ఆయనకంటే ఎవరికి తెలుసు? ఆయన మెడలో ఎవరు వేశారు గనక? బాబాయి ఆ వాచిన కాలి దగ్గర ఇసకలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, నాకు సగమే అర్థమైనా. తాతయ్య భుజం మీది తువ్వాలుతో కొడుకు తల తుడుస్తూ, "రైలెప్పుడు?" అన్నాడు.

ఆ మాటతో మొదలైన బాబాయి ప్రయాణం రెండు వేల సంవత్సరం దాటి చాలా దూరం సాగింది. కలకత్తా అయ్యాక గోవాలో ఆడాడు. ఒక క్లబ్బుకి కెప్టెన్ కూడా అయ్యాడు. మోకాలు మొరాయించాక ఆట మానేసి, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాడు. పడవ మా పెద్దత్త కొడుకు తీసుకున్నాడు. బాబాయి ఆట టీవీలో వచ్చినప్పుడల్లా తాతయ్య విజయవాడ వచ్చి మా ఇంట్లో కూర్చునేవాడు. గోల్ పడిందని గదంతా గోలెత్తిపోతుంటే, అడ్డం లేవండర్రా, మావాడు కనిపించట్లేదు అని కసిరేవాడు. చివర్లో ఎవరు గెలిచారని అడిగితే తెల్లమొహం వేసేవాడు. పక్కింటి మామ్మగారు కూడా వచ్చి కూర్చునేవారు. నేను ఆవిడకు కాఫీ ఇస్తూ, జీతమేనండీ, జీతమే అని గుర్తుచేసేదాన్ని.

ఆ రోజు అంతా ముందే ఆలోచించుకుని నీళ్ళలో దిగావా అని పెద్దయ్యాక బాబాయిని అడిగాను. "లేదే పిచ్చిదానా. నడుమ ఖాళీ కనిపించింది, కాళ్ళు వెళ్ళిపోయినయ్" అన్నాడు.

ఇప్పుడు నాకు ఆటోనగర్లో స్పేర్ పార్టుల కొట్టుంది. తాతయ్య లేడు. పెళ్ళిళ్ళకు వెళితే నేను వంటవాళ్ళకూ వడ్డించేవాళ్ళకూ మధ్య తిరిగే మనిషి ఎవరో వెతికి పలకరించి గానీ రాను. సన్మానాలకు పిలిస్తే వేదిక పక్కన మైకు తీగ సర్దే ఆయన్ని తిన్నారా అని అడుగుతాను. మా వారు విసుక్కుంటారు, విసుక్కోనీ. జనమంతా చేపల మీద మూగినప్పుడు నా కళ్ళు ఇప్పటికీ నీళ్ళ వైపే పోతాయి.