నాన్న తెచ్చిన మేలు గ్రేడు కార్డు

ఆ రోజుల్లో అనగానే మీరు లాంతర్లూ ఎడ్లబళ్లూ ఊహించుకోనక్కర్లేదు. నేను చెప్పేది నిన్న మొన్నటి సంగతే. చేతిలో స్మార్ట్‌ఫోన్ ఉంది, ఇంట్లో ఇంటర్నెట్ ఉంది (వాన పడనప్పుడు), నెత్తి మీద జుట్టు కూడా ఉంది. లేనిదల్లా ఒక్కటే, మంచి గ్రాఫిక్స్ కార్డు. అదొక్కటి దొరికితే జీవితంలో ఇంకేమీ అక్కర్లేదని ఆ వయసులో మనస్ఫూర్తిగా నమ్మాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, అప్పుడు దాని గురించి అన్నం సయించలేదంటే నమ్మండి.

టెక్కలిలో ఇంజనీరింగ్ చదివేటప్పుడు మేం ముగ్గురం ఒక జట్టు. నౌపడ నుంచి వచ్చేవాడు ఉప్పు, సోంపేట నుంచి వచ్చేవాడు కొబ్బరి, కాశీబుగ్గ నుంచి వెళ్లే నేను జీడి. (ఏ ఊరి సరుకు ఆ ఊరివాడికి తగిలించేశారు. పేర్లు పెట్టడానికి మా క్లాసువాళ్లు పెద్దగా బుర్ర ఖర్చు పెట్టలేదని మీకు అర్థమయ్యే ఉంటుంది.) చదువవగానే ఉప్పు హైదరాబాదు, కొబ్బరి బెంగళూరు వెళ్లిపోయారు. నన్ను ఏ కంపెనీ పిలవకపోవడంతో మా జీడిపప్పు యూనిట్‌లోనే నాన్న దగ్గర చేరిపోయాను. జీతం లేదు, సెలవు లేదు, తిట్లు మాత్రం టైముకి అందేవి. అయినా ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక ముగ్గురం ఎక్కడివాళ్లం అక్కడే కంప్యూటర్ల ముందు కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఒకే ఆటలో కలిసేవాళ్లం. ఆటలో శత్రువుల్ని కాల్చడం తక్కువ, మేనేజర్లను తిట్టుకోవడం ఎక్కువ. నాకు మేనేజరు లేడు కాబట్టి మా నాన్నను తిట్టేవాణ్ని. వారం మొత్తం మీద నేను నా ఈడువాళ్లతో మాట్లాడేది ఆ కాసేపే.

అలాంటిది ఒక ఆదివారం ఉప్పు ఓ కొత్త ఆట పేరు చెప్పి, వచ్చే నెల నుంచి దానికి మారిపోదామన్నాడు. వాళ్లిద్దరూ కొత్త లాప్‌టాప్‌లు కొన్నారు మరి. కొబ్బరి మాత్రం, "జీడిగాడి డబ్బాలో అది ఆడదురా. మరి ఆడి సంగతేటి?" అన్నాడు. నేను వింటూనే ఉన్నానని ఇద్దరికీ తెలుసు. ఉప్పు, "సూద్దాం లేరా. మా ఆఫీసులో ఒకడున్నాడు, ఆణ్ని కలుపుకుందాం" అన్నాడు. వాడు చెడ్డవాడు కాదు, మామూలుగానే అన్నాడు. నాకు మాత్రం అందులో ఒక్కటే వినిపించింది. నా కుర్చీలో ఇంకెవడో కూర్చోబోతున్నాడు.

నా డబ్బా గురించి చెప్పాలి. కాలేజీలో ప్రాజెక్టు కోసమని ఇంట్లో నమ్మబలికి చేయించుకున్న కంప్యూటర్ అది. యూనిట్ వెనక గదిలో, పప్పు ఆరబెట్టే ట్రేల పక్కన ఉండేది. మూత తీస్తే లోపల దుమ్ము కన్నా జీడిపప్పు పొట్టే ఎక్కువ. ఫ్యాన్ తిరగడం మొదలైతే వీధిలోవాళ్లు మా యూనిట్‌లో పని మొదలైందనుకునేవారు. అందులో తెర మీద బొమ్మలు గీసే కార్డు వయసుడిగి, ఎవరి ముఖం చూపించినా చారల లుంగీ కట్టించి చూపించేది. అది మారిస్తే మిగతా డబ్బా ఇంకొన్నాళ్లు లాగుతుంది. అంచేత కార్డు ఎంపికలో పడ్డాను. ఇంగ్లీషులో ఒకాయన, హిందీలో ఒకాయన వీడియోల్లో గ్రాఫులు గీసి చూపిస్తుంటే, కార్డును ఒక్కసారి కూడా చేత్తో పట్టుకోకుండానే దాని మీద పండితుణ్నయ్యాను. అమ్మ జాకెట్లు కొలిచే టేపు తీసుకుని డబ్బా లోపలి పొడవు కొలిచాను. (జాకెట్టు ఎవరికని అమ్మ అనుమానంగా అడిగింది.) పొద్దున ఒకటి నచ్చేది, సాయంత్రానికి దాని తప్పులు కనిపించేవి. పెళ్లి చూపుల్లో కూడా మనిషి అంత నస పెట్టడు. చివరికి 1650 అనే దాని దగ్గర నా మనసు కుదురుకుంది. అది లేకపోతే 1050 అయినా పరవాలేదనుకున్నాను.

అయితే ఆన్‌లైన్‌లో తెప్పించడానికి నాన్న ఒప్పుకోలేదు. సరుకును చేత్తో పట్టి చూడకుండా కొనకూడదనేది ఆయన వేదం. ఆయన వేదానికి కారణముంది. గుప్పెడు జీడిపప్పు అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని అది ఏ గ్రేడో చెప్పేసేవాడు. మా వ్యాపారంలో గ్రేడుకు నెంబరుంటుంది. పౌండు బరువుకి, అంటే అరకిలోకి కాస్త తక్కువకి, ఎన్ని పప్పులు తూగితే అదే నెంబరు. 320 అంటే మామూలు పప్పు, 240 అంటే ఇంకాస్త పెద్దది, 180 అంటే మహారాజు. నెంబరు తగ్గుతున్నకొద్దీ పప్పు పెద్దదవుతుంది, రేటు పెరుగుతుంది. ఎప్పుడూ ఆ మహారాజు గురించే మాట్లాడతాడని బజారంతా ఆయన్ను నూటెనభై అని పిలిచేవారు. ఆ ఏడాదే మా పక్క యూనిట్‌వాళ్లు రంగునీ సైజునీ చూసి పప్పును వేరుచేసే మెషిన్ ఒకటి దించారు. అప్పటి నుంచి నూటెనభై గారి అరచెయ్యి తీర్పు కోసం వచ్చేవాళ్లు తగ్గిపోయారు. ఆయన ఖాళీగా ఉన్నప్పుడు కూడా గుప్పెడు పప్పు చేతిలో ఆడిస్తూ కూర్చునేవాడు.

విశాఖపట్నంలో స్వీటు షాపులకు శాంపిల్ ఇవ్వడానికి వెళుతూ, నీ కంప్యూటర్ సామాను నేనే తెస్తానన్నాడు. పప్పు ఆరుతోంది కాబట్టి నేను కదలడానికి లేదు. కావలసింది 1650 అని పక్కనే ఉన్న పలాస స్టేషన్ దాకా వెంట వెళ్లి వల్లె వేయించాను. ఆయన ముఖం కాస్త అదోలా పెట్టి, సరే అన్నాడు. ఆ ముఖానికి అర్థం నేను తెలుసుకుని ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది.

మధ్యాహ్నం ఫోను వచ్చింది. ఆయన గొంతు చాన్నాళ్లకి హుషారుగా ఉంది. "ఒరే, సరుకు దొరికింది. నువ్వడిగిన దాని కన్నా మేలైనది. ఆ కొట్టోడికి దాని ఇలువ తెల్దు, అటక మీద పడీసినాడు" అని, రైలు వచ్చేస్తోందని పెట్టేశాడు. నా కాళ్లు నేల మీద నిలవలేదు. 1650 కన్నా మేలైనదంటే ఏమిటి? 1660 అయినా కావచ్చు, 2060 అయినా కావచ్చు! ఆగలేక ఉప్పుకీ కొబ్బరికీ చెప్పేశాను. మీ లాప్‌టాప్‌లు నా డబ్బా ముందు దిగదుడుపేనని కూడా కూశాను. ఉప్పు అయితే మీ నాన్న మనిషి కాదురా, దేవుడన్నాడు. ఆఫీసులో ఉన్న ఆ ఒకణ్ని వద్దని చెప్పేస్తానన్నాడు.

దేవుడు పలాస స్టేషన్‌లో దిగి ఆటోలో వచ్చాడు. కాళ్లు కూడా కడుక్కోకుండా సంచిలోంచి అట్టపెట్టె తీసి నా చేతిలో పెట్టాడు. చిన్న పెట్టె. మరీ చిన్న పెట్టె. దాని మీద 710 అని ఉంది. తెర మీద ఏదో ఒకటి కనిపిస్తే చాలుననుకునే ఆఫీసు కంప్యూటర్లలో పెట్టుకునే కార్డు అది. నేను చూసిన గ్రాఫుల్లో దానికి చోటే లేదు. నేను పెట్టెను అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, ఆనందంతో అలా చూస్తున్నాననుకున్నాడు.

"నువ్వు కుర్రోడివి, తెలక సెప్పినావు. పదహారొందల యాభై అంటే పప్పు కాదురా, నూక. నూకకి అంత రేటేటని కొట్టోణ్ని అడిగినాను, ఆడు తెల్లమొకం ఏసినాడు. అన్నిటికన్నా సిన్న నెంబరు ఏదుందో తియ్యమన్నాను. ఏడొందల పది. కొట్టు మొత్తానికి ఇదొక్కటే, ఇంకెవుడికీ దొరకదు."

వెనక అమ్మ నిలబడి వింటోంది. యూనిట్‌లో పప్పు వలిచే ఆడవాళ్లు కూడా పని ఆపి ఇటే చూస్తున్నారు. నాన్న ఆ పెట్టెను మళ్లీ నా చేతిలోంచి తీసుకుని, అరచేతిలో పెట్టుకుని బరువు చూసి అందరికీ చూపించాడు. పక్క యూనిట్‌లో మెషిన్ దిగాక ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఏడుపు కూడా వచ్చింది. వాటన్నిటినీ మింగేసి, బాగుంది నాన్నా అన్నాను. ఆయన వెంటనే బజారులోకి వెళ్లి, ఎంత చవగ్గా ఎంత మేలు రకం పట్టాడో టీకొట్టు దగ్గర చెప్పుకున్నాడట. (టీకొట్టులో ఉన్నవాళ్లందరూ జీడిపప్పువాళ్లే. అందరూ మెచ్చుకున్నారు.)

ఆ కార్డు పెట్టాక చారల లుంగీ పోయింది, అంతవరకు పుణ్యం. కొత్త ఆట మాత్రం మొదలవను కూడా మొదలవలేదు. స్నేహితులిద్దరికీ ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పాను. దిగదుడుపన్న నోటితోనే చెప్పుకోవలసి వచ్చింది. వాళ్లు నవ్విన నవ్వు హైదరాబాదు, బెంగళూరుల నుంచి కాశీబుగ్గకి ఫోను లేకుండానే వినిపించి ఉంటుంది. నవ్వి నవ్వి కొబ్బరికి పొలమారింది. ఇక నా ఆదివారాలు అయిపోయినట్టేననుకున్నాను. ఆ ఆఫీసువాణ్నే కలుపుకోండిరా అని పెద్ద మనసున్నవాడిలా అని పెట్టేసి, ట్రేల మధ్య కూర్చుని పప్పు ఏరుకున్నాను.

ఆదివారం భోజనం చేసి పడుకోబోతుంటే కొబ్బరి ఫోన్ చేశాడు. ఏమిటి ఇంకా కూర్చోలేదంటాడు. ఏ ఆటకిరా అన్నాను. కాలేజీ ల్యాబులో సార్లకి తెలియకుండా ఆడిన పాత ఆటకట. ఎప్పటిదో అది, బొమ్మలన్నీ గళ్లు గళ్లుగా ఉంటాయి, 710కి సుఖంగా సరిపోతుంది. "మీ నాన్న మేలు గ్రేడు తెచ్చినాక, మేం ఇంకా నూక ఆడుకుంటామేటిరా?" అన్నాడు. వాడి లాప్‌టాప్‌లోంచి ఉప్పు, నోర్మూసుకుని రమ్మను ఆణ్ని అంటున్నాడు. నేను వెంటనే మాట్లాడలేకపోయాను. నెట్‌వర్క్ బాగా లేదని అబద్ధమాడాను.

అలా ఏడాది పైనే గడిచింది. గళ్లు గళ్ల ఆటలో గళ్లు గళ్ల చెట్ల వెనక దాక్కుని ముగ్గురం పడిపడి నవ్వుకునేవాళ్లం. నాన్న అటుగా వచ్చి తలుపు దగ్గర నిలబడి, సరుకెలాగుందని అడిగేవాడు. బ్రహ్మాండంగా ఉందనేవాణ్ని. అది అబద్ధమని అప్పుడు అనుకునేవాణ్ని.

చివరికి మేం కూడా మెషిన్ కొనక తప్పలేదు. దాన్ని బిగించడానికి వచ్చిన మెకానిక్‌కి కంప్యూటర్లు బాగా తెలుసు. అతనికి నాన్న తన 710 కథ గొప్పగా చెప్పాడు. అతను నవ్వాపుకోలేక, ఆ సరుకులో నెంబర్లు ఎటు పెరుగుతాయో చెప్పేశాడు. ఆ సాయంత్రం నాన్న వచ్చి నా పక్కన మంచం మీద కూర్చున్నాడు.

"అక్కడ పెద్ద నెంబరే పెద్దదట గదరా. మరి సెప్పలేదేటి?"

"నువ్వు అంత సంతోషంగా తెచ్చినావు నాన్నా."

ఆయన తన అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు. తర్వాత, "మరి ఇన్నాళ్లూ దాంతో ఏటి ఆడినావు?" అన్నాడు. పాత ఆటే ఆడామని, వాళ్లిద్దరూ నా కోసం కొత్తది మానుకున్నారని చెప్పాను. అలాగేటి, మంచోళ్లురా అన్నాడు. లేచి వెళుతూ వెనక్కి తిరిగి, ఈసారి నువ్వే వెళ్లి నీకు కావలసినది తెచ్చుకో, నెంబరు సంగతి నన్ను అడక్కు అన్నాడు.

తెచ్చుకున్నాను. ఈసారి నిజంగానే మేలైనది. దాన్ని బిగించి, ఆదివారం కొత్త ఆట తెరిస్తే నీళ్లలో మబ్బుల నీడలు, ఒక్కో ఆకు విడివిడిగా ఊగడం, నేను గ్రాఫుల్లో కలలు గన్నదంతా ఎదురుగా ఉంది. లేనివాళ్లు ఉప్పూ కొబ్బరీ. ఉప్పుకి ఆదివారాలు డ్యూటీ పడుతోంది. కొబ్బరికి కొత్తగా పెళ్లయింది. (వాడి ఆదివారాల గురించి అడగడం మర్యాద కాదు.) వచ్చేవారం చూద్దాం బావా అని ఇద్దరూ మెసేజ్ పెట్టారు. ఆ వచ్చేవారం మళ్లీ కుదరలేదు.

నేను ఒక్కణ్నే కూర్చుని ఆకులు చూస్తుంటే నాన్న వచ్చి వెనక నిలబడ్డాడు. నీడలు కూడా పడుతున్నాయి, మంచి సరుకే అని ఒప్పుకున్నాడు. తర్వాత నీవాళ్లేరీ అన్నాడు. రాలేదన్నాను. ఆయన ట్రేల దగ్గరున్న స్టూలు లాక్కొచ్చి నా పక్కన వేసుకుని, పప్పు పొట్టు అంటిన చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

"సరే, నానేటి నొక్కాల సెప్పు" అన్నాడు.

ఆ 710 ఇప్పుడు మా యూనిట్ షోకేసులో, 180 పప్పు శాంపిల్ సీసా పక్కనే ఉంది. కొనడానికి వచ్చినవాళ్లు అదేమిటని అడిగితే, మావోడి సరుకు అని మాత్రం చెప్పి నాన్న మాట మార్చేస్తాడు. దాన్ని చూసినప్పుడల్లా నాకు జాకెట్టు టేపుతో డబ్బా కొలుస్తున్న కుర్రవాడు కనిపిస్తాడు. వాడి దగ్గరికి వెళ్లి, ఒరే బాబూ, మీ నాన్న ఏది తెస్తే అది పెట్టుకో, ఆదివారం మాత్రం తొందరగా వచ్చి కూర్చో అని చెప్పాలనిపిస్తుంది. వాడు వినడు. వాడి చెవులకు హెడ్‌ఫోన్లు ఉంటాయి, అందులో ఇద్దరు మిత్రులు మాట్లాడుతూ ఉంటారు.