ఏరేటర్ల చప్పుడులో దొరికిన నిద్ర

మా ఆయన చేతిలోని కాఫీ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. "ఎవురుమే తోసింది?" అని నన్నే అడిగాడు. ఇంట్లో ఉన్నది మేమిద్దరమే. ఆ రోజు మొదటిసారి నాకు భయం వేసింది.

నిజానికి అంతకు కొన్ని వారాల ముందు నుంచే ఆయనకు నిద్ర లేదు. మాది తోటపల్లి గూడూరు పక్కన. రొయ్యల గుంటలున్నాయి. నీళ్లలో గాలి ఆడించే ఏరేటర్లు ఆగితే రొయ్యలు ఊపిరాడక చచ్చి తేలతాయి. అందుకని మా వైపు నిద్ర మానుకుని కాపలా కాసేవాడే మంచి రైతు. "అన్న ఉంటే కాపలాకి ఇంకో మనిషే అక్కర్లా వదినా!" అని మా మరిది సంబరపడ్డాడు. నేనూ మురిసిపోయాను. జబ్బును చూసి కష్టపడే గుణం అనుకున్నాం, చూడండి మా తెలివి!

తర్వాత ముఖం, చెయ్యి ఉండుండి గుంజుకుపోయేవి. పొద్దున తిన్న దోసె మధ్యాహ్నానికి గుర్తుండేది కాదు. ఒక్కోసారి నన్నే కొత్తమనిషిని చూసినట్టు చూసేవాడు. నెల్లూరు ఆసుపత్రిలో సోడియం తగ్గిందన్నారు. ఎంఆర్ఐ, ఈఈజీ తీశారు, వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు.

"ఇది ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ అమ్మా. ఒంటిని కాపాడాల్సిన ఇమ్యూనిటీయే మెదడు మీద పడింది. నిద్ర పట్టకపోవడం కూడా అందులో భాగమే" అన్నారు న్యూరాలజీ మేడం.

"మా ఆయన మళ్లీ నాకు దక్కుతాడా మేడం?" అని అక్కడే ఏడ్చేశాను.

స్టెరాయిడ్లు, ఐవీఐజీ అనే యాంటీబాడీల మందు ఎక్కించాక గుంజుడు తగ్గింది. ఒకరోజు నన్ను చూసి, "ఏందిమే, ఇంత చిక్కిపోయినావు?" అన్నాడు. ఆ మాటకు నాకు ప్రాణం లేచొచ్చింది. నిద్ర మాత్రం రాలేదు. స్టెరాయిడ్ కూడా నిద్ర చెడగొడుతుందని దాన్ని పొద్దున పూటకు మార్చారు, నిద్రకు మందిచ్చారు. గదిలో చీమ చిటుక్కుమనకుండా చూసేదాన్ని, నర్సమ్మలను కూడా కసిరేదాన్ని. అయినా కన్ను మూసిన కాసేపటికే ఉలిక్కిపడి, "కరెంటు పొయ్యింది! జనరేటర్ ఎయ్యండి!" అంటూ సెలైన్ గొట్టంతో సహా గుమ్మం వైపు పరుగు. ఒకసారి పడి నుదురు చిట్లింది. "నిద్ర లేకపోతే కోలుకోవడం కష్టమమ్మా" అన్నారు మేడం.

అప్పుడు నా బుర్రకు తట్టింది. గుంటల దగ్గర ఏరేటర్ల చప్పుడు ఆగితే లేవడం ఆయనకు ఏళ్ల తరబడి అలవాటు. నేనేమో గదిని నిశ్శబ్దంగా ఉంచుతున్నాను! మరిదికి ఫోన్ చేసి, ఆ ఏరేటర్ల చప్పుడే రికార్డు చేసి పంపమన్నాను.

"నీకు గూడా మతి పొయ్యిందా వదినా?" అన్నాడు, కానీ పంపాడు.

మేడంని అడిగితే నవ్వారు. "మందులు మానకుండా పెట్టుకోండి" అన్నారు. ఫోన్ దిండు పక్కన పెట్టాను. మధ్యమధ్యలో మరిది ఎవరినో తిడుతున్నది కూడా అందులో పడింది. అయినా ఆ మధ్యాహ్నం మా ఆయన గురక పెట్టాడు. ఆ గురక వింటూ నేనూ కుర్చీలోనే నిద్రపోయాను.

ఇంటికొచ్చాక స్టెరాయిడ్ తగ్గిస్తుంటే నిద్ర మళ్లీ చెదిరింది. ఈసారి మురిసిపోలేదు, వెంటనే మేడంకి చెప్పాం. జబ్బు మళ్లీ తల ఎత్తుతోందని మందు మార్చారు, సర్దుకుంది. ఇప్పుడు ఆయన పగలు మేత చూసుకుంటాడు, రాత్రి కాపలా మరిదిది.

నేను చెప్పేది ఒక్కటే. ఉన్నట్టుండి ఎవరికైనా నిద్ర కరువై, మనిషి తీరు కూడా మారితే, కష్టజీవి అని మెచ్చుకోకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, ముందు నిద్ర సంగతే చెప్పండి.

మొన్న రాత్రి కరెంటు పోయి ఏరేటర్లు ఆగాయి. ఉలిక్కిపడి లేచింది నేను. వరండాలో మంచం మీద ఆయన కదల్లేదు.

"ఏమయ్యా, కరెంటు పొయ్యింది!" అన్నాను.

కళ్లు కూడా తెరవకుండా, "తమ్ముడుండాడు గదా, పడుకోమే" అని అటు తిరిగి పడుకున్నాడు.