పెద్దమ్మ పెరట్లోకి ఒక దారి

పోయిన నెల ఒక పొద్దున పెదనాన్న ఫోన్ చేసి, "మీ పెద్దమ్మ వెళ్ళిపోయిందమ్మా" అన్నారు.

మా పెద్దమ్మ గురజాల హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసింది. తెలియనిది పిల్లలడిగితే, "నాకూ తెలీదురా, చూసొచ్చి చెబుతా" అనేది. మర్నాడు తప్పకుండా చెప్పేది.

జబ్బు ముదిరి గుంటూరు ఆసుపత్రిలో చేరాల్సి వచ్చినప్పుడు నన్ను హైదరాబాదు నుంచి రమ్మంది. పెరట్లో మల్లెపందిరి మీద పిగిలిపిట్ట గుడ్లు పెట్టిందట. ఎదురుగా కెమెరా బిగించింది. ఆ గుడ్లు పిల్లలయ్యేది తను ఆసుపత్రి నుంచి చూడాలంది.

"కెమెరా కంపెనీ యాప్ ఉంటది గదా పెద్దమ్మా?"

"మన పెరడు మనం చూసుకోటానికి ఎవరిదో గుమ్మం తొక్కటం ఏందే? నువ్వు చేసేది సర్వర్ల పనేగా. వేరే దారి లేదా?"

ఉంది. పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఎక్కించి, దాన్ని వీపీఎన్ సర్వర్ చేస్తే, ఎక్కడున్నా ఫోన్ నేరుగా ఇంటి నెట్‌వర్క్‌లోకి వచ్చేస్తుంది. మధ్యలో ఎవరికీ ఏమీ కనపడదు.

పెద్దమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూచుంది. ఒకదాన్నొకటి గుర్తుపట్టటానికి ల్యాప్‌టాప్‌కి రెండు కీలు, మా ఇద్దరి ఫోన్లకీ రెండేసి కీలు, అంటే పొడుగాటి అక్షరాల వరసలు, తయారుచేశాను. రెంటిలో ఒకటి బయటికి చెప్పొచ్చు, రెండోది దాచుకోవాలి.

"చెప్పినదాన్ని పట్టుకుని దాచింది కనుక్కోలేరా?"

ఏదో వివరించాను.

"నాకర్థం కాలేదు. నీకు అర్థమయ్యే చెబుతున్నావా?"

నాకూ సగమే అర్థమైంది. ఇద్దరం కూచుని చదువుకున్నాం. మధ్యాహ్నం అన్నం చల్లారిపోయింది.

ఫోన్‌లో వైఫై ఆపేసి, మొబైల్ డేటాతో వీధి చివరికెళ్ళి చూశాం. ఫోన్ సర్వర్‌కి కలిసింది గానీ కెమెరా రాలేదు. నేను తల పట్టుకున్నాను. పెద్దమ్మ మాత్రం, "గుమ్మం దాటి ల్యాప్‌టాప్ దాకా వచ్చాం. అక్కణ్ణించి పెరట్లోకి పోనిచ్చేది ఎవరే?" అంది.

ఇంటికొచ్చి చూస్తే, వచ్చినదాన్ని మిగతా పరికరాలకు పంపే సెట్టింగ్ నేను ఆన్ చేయనే లేదు. చేశాక మళ్ళీ వీధి చివరికి నడిచాం. తెరమీద పిట్ట తోక కింద ఎర్రటి మచ్చతో సహా కనపడింది. పెద్దమ్మ నా భుజం పట్టుకుని, "వచ్చిందే!" అని అరిచింది.

ఆసుపత్రిలో ఒక చేతికి సెలైన్, ఇంకో చేతిలో ఫోన్. "పిల్లల నోళ్ళు చూడవే, చానా ఎర్రగున్నయ్!" అని నర్సులకు చూపించేది. ఒక పిల్ల మాయమైన రోజున, "కాకి ఎత్తుకుపోయిందంటావా, పిల్లా?" అని నాకు ఫోన్ చేసింది. మిగిలినవి ఎగిరిపోవడం మాత్రం చూడలేదు. ఆ పూట స్కానింగ్‌కి తీసుకెళ్ళారు. తిరిగొచ్చేసరికి గూడు ఖాళీ.

"ఎటు పోయినయ్యో" అంది. బాధగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని.

పెద్దకర్మ అయ్యి హైదరాబాదు వచ్చాక, ఒక సాయంత్రం ఉండబట్టలేక నా ఫోన్‌ని ఆ ఇంటి సర్వర్‌కి కలిపాను. వెంటనే కలిసింది. తెరమీద, పందిరి కింద పెదనాన్న ఒక్కరే స్టూలెక్కి, మల్లెమొగ్గలు ఒక్కొక్కటే తెంపి చొక్కా జేబులో వేసుకుంటున్నారు.