పచ్చి రంగు, నూనె రంగు

రెండేళ్లు ఫ్లెక్సీల అంచులకు తాడు దూర్చే ఐలెట్ రింగులు కొట్టాక, షైనీకి కంప్యూటరు ముందు కుర్చీ దొరికి వారమైంది. చేజర్ల నుంచి తొలి బస్సుకే ఆత్మకూరు వచ్చి, మధ్యాహ్నం ఫ్లెక్సీ ప్రింటింగ్ కొట్టు యజమాని రాజమోహన్ కునుకు తీసే వేళల్లో, కంప్యూటరులో డిజైన్లు గీసే కోరల్ నేర్చుకున్న పిల్ల. ఆ కుర్చీ అంటే ఆమెకు ప్రాణం. దానికి ఉదయగిరి ఓబయ్య ఎసరు పెట్టేలా ఉన్నాడు.

ఓబయ్య చెక్క గరిటెలు చేస్తాడు. నెల్లూరు ఎగ్జిబిషన్‌కు పంపే డబ్బాల మీదికి లేబులు కావాలని, "కింద పచ్చి రంగు, పైకి పొయ్యేకొద్దీ నూనె రంగు" అని ఫోనులో చెప్పాడు. రాజమోహన్ చీటీ మీద 'కింద పచ్చ, పైన నూనె రంగు' అని రాశాడు. రాసింది మళ్లీ చదివే అలవాటు ఆయనకు పుట్టుకతోనే లేదు. షైనీ ఆ చీటీ చూసుకుని, ఆకుపచ్చ మెల్లగా వేరుశనగ నూనె పసుపులో కలిసేలా చేసిపెట్టింది.

నమూనా చూసి ఓబయ్య ఇంతెత్తున లేచాడు. "ఇదేంది అమ్మాయ్! నేను పచ్చి రంగంటే పచ్చ ఏశావే! నా గరిటెలకు పాచి పట్టినట్టుండాది!"

రాజమోహన్ చీటీని చప్పుడు కాకుండా జేబులోకి తోసేశాడు. "ఈసారి కూడా ఆయనకు నచ్చకపోతే మళ్లా ఐలెట్ల దగ్గరికి పో," అన్నాడు షైనీతో.

షైనీకి ఒళ్లు మండింది. తప్పు ఆయనది, శిక్ష తనకా? అయినా నోరు జారలేదు. "పచ్చి రంగంటే ఏంది పెదనాయనా? నాకు చూపించు," అంది.

ఓబయ్య సంచిలోంచి మూడు గరిటెలు తీశాడు. ఒకటి నూనె తగలని పచ్చి చెక్క, ఒకటి నిన్న నూనె రుద్దింది, ఒకటి నెల రోజులుగా నూనె తాగింది.

షైనీ వాటిని వాకిట్లో ఎండలో పెట్టి ఫోటో తీసింది. అందులోంచి మూడు రంగులూ ఎత్తి, పేర్లు పెట్టి దాచుకుంది.

"అంత తతంగమెందుకు? కంటితో చూసి కలుపు," అన్నాడు రాజమోహన్.

"కలపను అన్నా. ఉండే రంగులే ఏస్తా."

దాచిన పచ్చి రంగును లాగి, ఒక రంగు ఇంకో రంగులోకి జారే గ్రేడియంట్ కింది కొసన వదిలింది, నెల రోజుల నూనె రంగును పై కొసన. నడుమ బూడిద పూసినట్టు వచ్చింది. నిన్న రుద్దిన గరిటె రంగును అక్కడ వదిలింది. అంతే, తెర మీద చెక్క నిగనిగలాడింది.

ప్రింటు చేతికి రాగానే ఓబయ్య దాన్ని ఎండకు పట్టి చూశాడు. బొటనవేలితో లేబులు మీద రుద్ది, నూనె అంటిందేమోనని వేలు చూసుకున్నాడు. చూసుకుని, తనలో తనే పకపకా నవ్వాడు.

"ఐదొందల లేబుళ్లు కొట్టు తల్లీ!"

షైనీ ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఇంతలో ఐలెట్లు కొట్టాల్సిన ఫ్లెక్సీ ఒకటి మిగిలిందని గుర్తొచ్చి, అలవాటుగా కుర్చీలోంచి లేవబోయింది.

"నువ్వు కూర్చో," అన్నాడు రాజమోహన్, ఐలెట్ల మిషను తన ముందుకు లాక్కుంటూ.