నాలుగేళ్ల ముత్తాత

మా ఆయన అమెరికన్. ఆయన తండ్రి, అంటే మా మామగారు, క్యారీ అనే ఊళ్లో ముప్పయ్యేళ్లు పళ్ల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. అన్నేళ్లూ ఊళ్లోవాళ్ల నోళ్లు చూసిన మనిషి, తీరిక దొరికేసరికి తన ఉమ్మిని ఒక గొట్టంలో నింపి డీఎన్ఏ పరీక్షకు పంపారు. పూర్వీకుల్లో ఎక్కువమంది వేల్స్ వాళ్లని జవాబొచ్చింది. ఆ వారంలోనే ఇంటిముందు వేల్స్ వాళ్ల ఎర్ర డ్రాగన్ జెండా లేచింది. జెండా సైజు మీద అభ్యంతరం చెబుతూ కాలనీ సంఘం ఉత్తరం రాస్తే, "మామీద ఇంగ్లీషువాళ్ల అణచివేత ఇంకా ఆగలేదు" అన్నారు, ఇంగ్లీషులోనే.

తర్వాత ఇంటర్నెట్‌లో ఎవరో పెట్టిన వంశవృక్షం పట్టుకుని, కొమ్మ తర్వాత కొమ్మ ఎక్కుతూ వెయ్యేళ్ల కిందటి రాజకుమారుడి దాకా వెళ్లారు. థాంక్స్‌గివింగ్ పండగనాడు టర్కీ కోడిని కోస్తూ ఆ సంగతి ప్రకటించారు.

"నువ్వు రాజకుటుంబం కోడలివి, తెలుసా?"

"అయితే గిన్నెలెవరు కడుగుతారు?" అన్నాను.

అందరూ నవ్వారు. గిన్నెలు నేనే కడిగాను.

వేల్స్‌లో పాత చర్చి రిజిస్టర్లు వెతికిపెట్టే ఒక రిటైర్డ్ టీచరమ్మ ఈమెయిల్‌లో ఆయనకు పరిచయమైంది. ఒక ఆదివారం ఉదయం వీడియో కాల్‌లో మాట్లాడింది. నేనూ పక్కనే కూర్చున్నాను.

"మీ ముత్తాత పేరుతో ఆయన పుట్టిన ఏడాది మా ఊళ్లో ముగ్గురు పుట్టారండీ. మా దగ్గర మనుషులు బోలెడు, పేర్లే తక్కువ. మీరు వంశవృక్షంలో రాసుకున్న అబ్బాయి నాలుగేళ్లకే పోయాడు" అంది.

మామగారు చేతిలోని కాగితం చూసుకున్నారు. అందులో ఆ అబ్బాయికి ఏడుగురు పిల్లలు.

అసలు ముత్తాత పలకరాయి గనిలో కూలీ. సంతకం రాక పెళ్లి రిజిస్టరులో ఇంటూ గుర్తు పెట్టాడు. అది విని మామగారి ముఖం, పన్ను పీకక తప్పదని విన్న పేషెంటు ముఖంలా అయిపోయింది.

టీచరమ్మ జాలిపడిందేమో, "పోనీ, మీ నానమ్మ గుర్తున్నారా?" అని అడిగింది.

"పెన్సిల్వేనియాలో ఉండేది. మహా కోపిష్ఠి. చర్చిలో ఆవిడ గొంతెత్తి పాడుతుంటే సిగ్గేసి నేను వెనక వరసలోకి జారుకునేవాణ్ణి. నా ముక్కు గట్టిగా తుడుస్తూ 'కారియాద్, కారియాద్' అని తిట్టేది."

"అది తిట్టు కాదండీ. మా వేల్స్ భాషలో ముద్దుమాట."

మనం బంగారం అంటామే, అలాంటిదన్నమాట. డెబ్బై ఏళ్ల మనిషి కళ్లద్దాలు తీసి తుడుస్తూ ఉండిపోయారు. తర్వాత ఒక్కొక్కటే చెప్పసాగారు: ఎండిన రొట్టె టీలో ముంచి తినిపించడం, జ్వరమొస్తే పాదాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవడం. నెలల తరబడి విన్నా రాజకుమారుడి గురించి నాకు పేరు తప్ప ఏదీ గుర్తులేదు. నానమ్మ మాత్రం ఒక్క పూటలో ఇంట్లో మనిషైపోయింది.

కాల్ అయ్యాక ఆయన నావైపు తిరిగారు. "మీ ముత్తాత పేరేమిటి?"

అన్నాళ్లూ ఆయన్ని ఆటపట్టించిన నాకు మా ముత్తాత పేరే తెలియదు. గుంటూరులోని అమ్మకు ఫోన్ చేశాను.

"తాతయ్య వాళ్ల నాన్నా? అందరూ పెద్దాయన అనేవాళ్లు. పేరా... ఇప్పుడెందుకే? గ్రీన్ కార్డ్‌కి అడుగుతున్నారా?"

"కాదమ్మా, ఊరికే."

"ఊరికే ఎవరడుగుతారే? ఉండు, పెద్దమ్మని కనుక్కుంటా."

పెద్దమ్మకూ పేరు తెలియదు. పెద్దాయన ముచ్చటపడి సైకిలు కొన్నాడనీ, ఎక్కడం రాక దాన్ని చేత్తో నడిపించుకుంటూ ఊరంతా తిరిగేవాడనీ మాత్రం చెప్పింది. అదే రాసుకున్నాను.